చూసేవాళ్ళకి మొదటి ముద్ద

ఫిబ్రవరిలో బడికి వారం సెలవులు వస్తున్నాయి, ఓర్లాండోలో థీమ్ పార్కుకి వెళ్దామన్నది మా ఆయన రఘు. వెళ్తే రైస్ కుక్కర్ మోసుకునే వెళ్దామన్నది నేను. "వెకేషన్‌కి పోతున్నమా, వంటకి పోతున్నమా?" అని నవ్వాడు. కరీంనగర్ మనిషి, ఏ విషయానికైనా ముందు నవ్వి తర్వాత ఆలోచిస్తాడు. నేను తెనాలి దాన్ని. ముందే అన్నీ ఆలోచించి పెట్టుకుని, నవ్వడం మర్చిపోతాను.

నా బెంగకి కారణం ఉంది. మా అమ్మాయి ఆద్యకి ఆరేళ్ళు. ఆగస్టులో ఫస్ట్ గ్రేడ్ మొదలైన దగ్గర్నుంచీ తిండి తగ్గిపోయింది. లంచ్ డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తుంది. ఎందుకు తినలేదే అంటే "టైమ్ లేదు" అంటుంది. ఇంట్లో కూడా నేను ఎదురుగా కూర్చుని కళ్ళతో కాపలా కాస్తే గానీ నాలుగు ముద్దలు దిగవు. మొదటి ముద్ద నా నోటి ముందుకి తెస్తుంది. "ఆటలొద్దు, నువ్వు తిను" అంటాను. అక్కడితో దాని భోజనం సగం అయిపోయినట్టే. బయల్దేరే ముందు వారం పిల్లల డాక్టరు తూకం చూసి, స్క్రీన్ మీద బరువు గీత కిందికి దిగడం నాకు చూపించింది. సెలవులయ్యాక మళ్ళీ తీసుకురమ్మంది. అప్పటికీ బరువు పెరగకపోతే రక్తపరీక్షలు, ఆ తర్వాత స్పెషలిస్టు. ఆ గీత చూసి వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు.

తెల్లవారకముందే, అట్లాంటా పక్కన మేముండే కమ్మింగ్‌లో బయల్దేరాం. అట్లాంటా నిద్రలేవకముందే దాటేస్తే సగం ప్రయాణం అయినట్టే. మేకన్ దాటాక రెస్ట్ ఏరియాలో ఆగి ఇడ్లీ, కారప్పొడి తిన్నాం. అంటే రఘు తిన్నాడు. ఆద్య ఒక ఇడ్లీని ముక్కలు చేసి డబ్బాలో అటూ ఇటూ తిప్పింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఫ్లోరిడాలోకి అడుగు పెట్టగానే హైవే పక్కన వెల్‌కమ్ సెంటర్ ఉంటుంది. అక్కడ చిన్న కప్పుల్లో నారింజ రసం ఊరికే ఇస్తారు, తప్పక ఆగండి. కౌంటర్ వెనకున్న పెద్దావిడ ఆద్యకి కప్పు అందించి ముచ్చటగా చూస్తూ నిలబడింది. ఆద్య ఆ కప్పుని తిరిగి ఆవిడ వైపే చాపింది. "అది నీదేరా బంగారం, నాకొద్దు" అందావిడ ఇంగ్లీషులో. ఆద్య కప్పు కౌంటర్ మీద పెట్టేసి నా వెనక నక్కింది. మర్యాద లేదని కార్లో నాలుగు తిట్టాను.

ఓర్లాండో చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. దారిలో ఇండియన్ స్టోర్లో పెరుగు, సోనామసూరి, చిన్న ప్యాకెట్ కందిపప్పు కొన్నాం. మేము దిగిన హోటల్ గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్, రెండు పొయ్యిలు ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అలాంటి గదే బుక్ చేసుకోండి. పోపు మాత్రం ఇంటి నుంచే వేసి సీసాలో తెచ్చుకోండి. హోటల్లో ఆవాలు చిటపటలాడించారంటే పొగ అలారం మోగి ఫ్లోర్ అంతా బయటికొచ్చి నిలబడుతుంది.

సాయంత్రం లాబీలో ప్లెయిన్స్‌బరో నుంచి వచ్చిన సునీతగారు పరిచయమయ్యారు. ఇద్దరు మగపిల్లలతో మా కంటే రెండు రోజులు ముందే వచ్చారట. నా చేతిలో పెరుగు డబ్బా చూసి తెలుగువాళ్ళని పోల్చుకున్నారు.

"పార్కులో ఏం దొరుకుతాయండీ వెజ్?" అని అడిగాను.

"ఫ్రైస్, చీజ్ పిజ్జా. అంతేనండి. రైస్ ఉంటుంది కానీ చికెన్ నీళ్ళతో వండుతారు. బీన్స్‌లో పంది కొవ్వు. వెజిటబుల్ సూపని బోర్డు పెడతారు, అడిగితే అందులోనూ చికెనే. షెఫ్‌ని పిలవమనండి, మొహమాటపడకండి, వస్తారు." లేచి వెళ్ళబోతూ ఆగారు. "పడవ రైడ్ ఒకటుంది, చాలా పాతది. అందులో వంటిల్లు వస్తుంది. మా పెద్దాడికి పదకొండేళ్ళు, అక్కడికి రాగానే కళ్ళు మూసుకుంటాడు. ఎందుకురా అంటే చెప్పడు."

మర్నాడు పార్కు తలుపులు తెరిచే వేళకి పొగమంచు కమ్ముకుని ఉంది. ఫ్లోరిడా అంటే ఎండ అనుకుని వెళ్ళిన నాకు ముందున్న మనిషి వీపు కూడా సరిగా కనపడలేదు. అది అక్కడి పెద్ద పార్కుల్లాంటిది కాదు, పాతకాలంది, జనం తక్కువ. పొదల్లో దాచిన స్పీకర్ల నుంచి ఒకటే పాట, అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. బెంచీల మీద మనుషులు కూర్చున్నట్టుంటారు, దగ్గరికెళ్తే బొమ్మలు. అన్నీ పళ్ళు బయటపెట్టి నవ్వుతూ మనవైపే చూస్తుంటాయి. బతికున్న వేషగాళ్ళు కూడా తిరుగుతుంటారు, పెద్ద తలకాయలు, రెప్ప వెయ్యని కళ్ళు. మంచులో ఏది బొమ్మో ఏది మనిషో తెలియక ఒక బొమ్మకి సారీ కూడా చెప్పాను.

గేటు దగ్గర సంచీ తెరిచి చూస్తారు. పిల్లల తిండి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరవు. నా స్టీలు డబ్బాని సెక్యూరిటీ అబ్బాయి అటూ ఇటూ తిప్పి, మూత తీసి, వాసన చూసి వదిలాడు.

మొదట పడవే ఎక్కాం. చీకటి కాలువలో నెమ్మదిగా పోతుంటుంది, రెండు పక్కలా ఇళ్ళు, వెలుగుతున్న కిటికీల్లో కదిలే బొమ్మలు. ఒక ఇంట్లో ముసలాయన ఫిడేలు వాయిస్తాడు, ఒక ఇంట్లో పెళ్ళి జరుగుతుంటుంది. చివరి మలుపులో వంటిల్లు. గౌను వేసుకున్న తల్లి బొమ్మ చేతిలో చెంచా. ఎదురుగా ఎత్తు కుర్చీలో బాబు. తల్లి చెయ్యి పైకి లేస్తుంది, చెంచా బాబు నోటి దాకా వెళ్తుంది, అక్కడ ఆగి వెనక్కి దిగుతుంది. మళ్ళీ లేస్తుంది. బాబు తల్లి వైపు చూస్తున్నాడు. అది నాకు బాగా గుర్తు, ఫోన్లో వీడియో కూడా తీశాను.

"అమ్మా, బాయ్ తినలేదు" అంది ఆద్య.

"బొమ్మ కదమ్మా, తినదు."

"కానీ వాడు నన్ను చూస్తున్నాడు."

"నిన్నెందుకు చూస్తాడు, వాళ్ళమ్మని చూస్తున్నాడు" అన్నాను.

లంచ్ దగ్గర సునీతగారి మాట ప్రకారం షెఫ్‌ని పిలిపించాను. పొడుగాటాయన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఆద్యతో మాట్లాడాడు. బేకన్ లేకుండా కాల్చిన బంగాళాదుంప, ఉడికించిన బ్రకోలీ, పళ్ళ ముక్కలు స్వయంగా తెచ్చి పెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆద్య ఫోర్క్ తీసుకుంది, తలెత్తింది. మా టేబుల్ పక్కన గోడకి చెక్కతో చేసిన మొహాలు, అన్నీ కిందికి వంగి ప్లేట్లోకి చూస్తున్నట్టే ఉన్నాయి. అది ఫోర్క్ దించేసింది. "కడుపునొప్పి వస్తుంది" అని గొణిగింది. పూర్తిగా చల్లారాక రఘు తినేశాడు.

"ఏమైతది, ఒక్క పూట తినకుంటే?" అన్నాడు రఘు.

"ఒక్క పూటా? ఆర్నెల్లు" అన్నాను. నా గొంతు పెద్దదైనట్టుంది. పక్క టేబుల్ వాళ్ళందరూ మావైపు తిరిగారు, ఆద్య మరీ ముడుచుకుపోయింది.

రెండో రోజూ మంచే. గదిలో పప్పన్నం, నెయ్యి కలిపి తెచ్చాను. నీళ్ళ పక్కన బయట టేబుల్ చూసుకుని కూర్చున్నాం. అక్కడ వంకర ముక్కుల తెల్లటి కొంగలు టేబుళ్ళ మధ్య మనుషుల్లా తిరుగుతుంటాయి. ఒకటి వచ్చి మా దగ్గర ఒంటికాలి మీద నిలబడింది. ఆద్య ఒక ముద్ద చేసి నేల మీద పెట్టింది. కొంగ మింగింది. వెంటనే ఆద్య కూడా ఒక ముద్ద తినేసింది, గబగబా, ఆకలిగా. నేను ఉలిక్కిపడ్డాను. అంతలో పెద్ద తలకాయ వేషగాడు ఒకడు వచ్చి చేతులు నడుముకి పెట్టుకుని ఆ రెప్ప వెయ్యని కళ్ళతో డబ్బాలోకి వంగి చూశాడు. ఆద్య ముద్ద చేసి వాడికి చూపించింది. వాడు రెండు చేతులూ అడ్డంగా ఊపి, పొట్ట నిమురుకుంటూ వెళ్ళిపోయాడు. ఆద్య ముద్ద డబ్బాలో పడేసి కూర్చుంది. అంతే, ఇంక ముట్టుకోలేదు.

ఇది చూస్తే మీకు విషయం అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. పిల్ల కొంగతో ఆడుకుంటోందనుకున్నాను. ఆ సాయంత్రం గదికి తిరిగొస్తుంటే రోడ్డు పక్క ఓక్ చెట్ల నుంచి బూడిదరంగు నాచు జడలు జడలుగా వేలాడుతోంది, దాని కింద నడుస్తూ ఆద్య, "అమ్మా, ఆ బాయ్ ఇప్పుడు కూడా తినలేదు కదా?" అంది. దాని చెయ్యి పట్టుకుని గబగబా నడిపించేశాను.

మూడో రోజు రఘుకి ఆఫీస్ కాల్. "రిలీజ్ ఉంది, మేనేజర్ పింగ్ చేస్తున్నడు, అర్ధగంటల వస్త" అని లాప్‌టాప్‌తో బెంచీ మీద, ఒక నవ్వు బొమ్మ పక్కనే కూర్చున్నాడు. ఆద్య పడవ ఎక్కుదామంది. వద్దన్నాను. మొహం వేలాడేసింది. సరే, పడవలోనైనా రెండు ముద్దలు తింటుందేమోనన్న ఆశతో పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను. మా పడవలో మేమిద్దరమే. ముందు పడవ ఖాళీ, వెనక పడవ ఖాళీ.

చివరి మలుపు తిరిగి, వంటింటి ముందుకి రాగానే పడవ ఆగిపోయింది.

దయచేసి కూర్చునే ఉండండి అని స్పీకర్లో ఒక గొంతు చెప్పింది. మళ్ళీ అదే చెప్పింది. తర్వాత పాట ఆగింది. పైన తెల్ల లైట్లు వెలిగాయి. చీకట్లో అందంగా కనిపించిన ఇళ్ళన్నీ వట్టి అట్టలని తేలింది. ఫిడేలు ముసలాయన చెయ్యి సగంలో నిలిచిపోయింది. తల్లి బొమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో కీచుమంటూ పైకి లేచి, నోటి ముందు ఆగి, దిగుతోంది. ఆవిడ కళ్ళు చెంచా మీదే ఉన్నాయి. బాబు మాత్రం ఆవిడ వైపు చూడటం లేదు. తల పూర్తిగా ఇటు తిరిగి ఉంది. మా పడవ వైపు, నా ఒళ్ళో డబ్బా వైపు.

పిల్ల భయపడుతుందని దాని కళ్ళు మూయబోయాను. ఆద్య నా చెయ్యి తీసేసింది. దానికి భయం లేదు.

"వాడికి పెట్టకుండా ఎలా తింటాను అమ్మా? యూ సెడ్ ఇట్."

"నేనేమన్నాను?"

"పూల్ దగ్గర. ఎవరైనా చూస్తే ఫస్ట్ వాళ్ళకి పెట్టాలి. లేకపోతే టమ్మీ పెయిన్ వస్తుంది."

అన్నాను. నిరుడు ఎండాకాలం ఈత కొలను దగ్గర, పక్కింటి పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తుంటే ఇది ఒక్కతే మామిడిపండు ముక్కలు లాగించేస్తోందని గదమాయించాను. చిన్నప్పుడు నన్నూ అలాగే గదమాయించారు, తెనాలిలో మా వీధిలో పిల్లలందరినీ గదమాయించారు. ఎదురుగా చూస్తున్నవాళ్ళకి ఇంత పెట్టి తినడం మాకు ఒక రూల్ అని కూడా తెలియదు.

"స్కూల్లో కూడా చూస్తారా?"

"ఎవ్రీ డే. వాట్స్ దట్ అని చూస్తారు. నేను ఇస్తా. ఇస్తే మిస్ అరుస్తుంది. నో షేరింగ్. ఎలర్జీ అని." ఆద్య నా ఒళ్ళో డబ్బా మూతని అరచేత్తో నొక్కింది. "ఇవ్వకూడదు. ఇవ్వకుండా తినకూడదు. సో ఐ క్లోజ్ ది బాక్స్."

ఆర్నెల్లుగా నా పిల్ల మధ్యాహ్నం పూట డబ్బా మూసి పెట్టుకుని కూర్చుంటోంది. నేను విటమిన్ సిరప్‌లు మారుస్తున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఆ తెల్ల లైట్ల కింద, ఆ కీచు చప్పుడులో ఏడవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. డబ్బా తెరిచాను. ఒక ముద్ద చేసి స్టీలు మూతలో పెట్టాను.

"ఇదిగో, చూసేవాళ్ళ వాటా ముందే తీసి మూతలో పెట్టేశాం. ఇంక పెట్టినట్టే. స్కూల్లోనూ అంతే. ఎవరూ తీసుకోకపోయినా సరే, నీకు కడుపునొప్పి రాదు."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఆద్య మూత అందుకుని, వంగి, వంటింటి వైపు పడవ అంచు మీద జాగ్రత్తగా పెట్టింది. తర్వాత డబ్బా ఒళ్ళోకి లాక్కుంది. నా పిల్ల అన్నం తినడం నేను చూశాను. ముద్ద వెంట ముద్ద, వేళ్ళు నాకుతూ, మూల మెతుకులు కూడా వదలకుండా. బాబు చూస్తూనే ఉన్నాడు. ఆద్యకి ఇంక పట్టలేదు.

కాసేపటికి గోడ వెంబడి సన్నటి గట్టు మీద టార్చి పట్టుకుని ఒక ఉద్యోగి నడిచొచ్చాడు. ఆలస్యానికి క్షమాపణ చెప్పాడు. ఆ బాబు తల ఇటు తిరగడం కూడా ఈ బ్రేక్‌డౌన్ వల్లేనా అని అడిగాను. ఆయన ఒకసారి అటు చూశాడు.

"ఆ తల తిరగదండీ. అందులో మోటారే లేదు. తల్లి చెయ్యి ఒక్కటే కదులుతుంది."

"మొన్న వాళ్ళమ్మ వైపు చూస్తున్నాడు" అన్నాను.

ఆయన నవ్వాడు. "చాలామంది అలాగే అంటారు" అని ముందు పడవ వైపు వెళ్ళిపోయాడు.

లైట్లు ఆరిపోయాయి, పాట మొదలైంది, పడవ కుదుపుతో కదిలింది. వెలుతురులోకి వచ్చాక చూస్తే మూత పడవ అంచు మీద అలాగే ఉంది. అందులో ముద్ద లేదు. కుదుపుకి నీళ్ళలో పడి ఉంటుంది. రఘుకి అలాగే చెప్పాను. మొదటి రోజు వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. తెరిచి చూడలేదు, చూడను కూడా.

నాలుగో రోజు పొద్దున గది ఖాళీ చేసి తిరుగు ప్రయాణం కట్టాం. ఆ పూట మంచు విడిపోయి ఎండ కాసింది, చూస్తే అదొక మామూలు ఊరు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. కుక్కర్ తీసుకెళ్ళండి, రైస్ దేనితో వండారో అడగండి, షెఫ్‌ని పిలిపించండి. పార్కులో శాకాహారం దొరుకుతుంది, వెతికితే మంచిదే దొరుకుతుంది. పిల్ల నోట్లోకి ముద్ద పోకుండా అడ్డు పడేది ఏమిటో మాత్రం ఏ మెనూలోనూ ఉండదు. ఆ పడవ ఎక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం.

జార్జియాలోకి వచ్చాక వాల్డోస్టా దగ్గర రెస్ట్ ఏరియాలో ఆగాం. రఘు కాఫీకి వెళ్ళాడు. చెక్క బల్ల మీద డబ్బా తెరిచి ఆద్య ముందు పెట్టాను. పొద్దున వండిన పెరుగన్నమే. అది ముందుగా ఒక ముద్ద చేసి మూతలో పెట్టింది. ఇక్కడ ఎవరున్నారా అని చుట్టూ చూశాను. దూరంగా ఒక లారీ తప్ప ఎవరూ లేరు.

"అది ఎవరికే? ఆ బాబుకా?"

"కాదు." ఆద్య మూత ఎత్తి నా నోటి ముందుకి తెచ్చింది. "నీకు. నువ్వు చూస్తున్నావు కదా. ఎవ్రీ డే చూస్తావు. తినవు."

ఆటలొద్దు, నువ్వు తిను అనబోయాను. అప్పుడు చూసుకున్నాను, దానికి పెడదామని తీసిన చెంచా నా చేతిలో గాల్లో నిలబడి ఉంది, దాని నోటికి కాస్త ఇవతల. ఎంతసేపటి నుంచి అలా పట్టుకున్నానో తెలియదు. చెంచా బల్ల మీద పెట్టేశాను. నోరు తెరిచాను.

అన్నం చల్లగా ఉంది, ఉప్పు కాస్త తక్కువైంది. మింగాక తెలిసింది నాకు ఎంత ఆకలిగా ఉందో. ఆద్య నా గొంతు కదలడం చివరిదాకా చూసింది. తర్వాత తల దించుకుని తన ముద్ద కలుపుకుంది.